గడియారం ఎవరి ఒంట్లో ఉంది?

2025 నవంబరులో ఐఐటీ హైదరాబాద్ విద్యార్థులతో మాట్లాడుతూ ఉపాసన కొణిదెల ఆడపిల్లలకు ఒక సలహా ఇచ్చారు. అండాలు దాచుకోవడమే మీకు అన్నిటికన్నా పెద్ద ఇన్సూరెన్సు, అప్పుడు పెళ్లెప్పుడో పిల్లలెప్పుడో మీ ఇష్టప్రకారం నిర్ణయించుకోవచ్చు అన్నది దాని సారాంశం. ఆవిడ ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి కుటుంబానికి చెందినవారు. వెంటనే దుమారం రేగింది. జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు ఆడా మగా ఇద్దరూ ఇరవైల్లోనే పెళ్లి చేసుకుని పిల్లల్ని కనాలని, అది సమాజానికీ పూర్వీకులకూ తీర్చాల్సిన బాధ్యత అని అన్నారు. ఒకరు వాయిదా వేసుకోమన్నారు, ఇంకొకరు వాయిదా వద్దన్నారు. ఇద్దరి మాటల్లోనూ ఆడదాని అండం ఒక ఆస్తే. ఒకరికది బ్యాంకులో దాచవలసిన ఆస్తి, మరొకరికి వంశానికి చెల్లించవలసిన బాకీ.

ఆ గొడవలో మన గొంతు నాకు పెద్దగా వినిపించలేదు. మన సభల్లో గృహహింస గురించి, ఆస్తిహక్కు గురించి, గర్భస్రావ హక్కు గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. వయసుకీ గర్భధారణకీ ఉన్న సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట మారుస్తాం. ఎవరైనా యువ పరిశోధకురాలు అడిగితే ‘అదంతా పితృస్వామ్యం పెట్టే భయం, నీ పని నువ్వు చూసుకో’ అంటాం. ఈ జవాబు చాలదని చెప్పడానికే ఈ వ్యాసం.

మన అనుమానానికి చరిత్ర ఉంది, అది కాదనను. ‘జీవ గడియారం’ అనే మాటను మొదట శాస్త్రవేత్తలు జీవుల నిద్ర, మెలకువల లయ గురించి వాడారు. 1978 మార్చిలో వాషింగ్టన్ పోస్ట్‌లో రిచర్డ్ కోహెన్ అనే కాలమిస్టు దాన్ని తెచ్చి ఉద్యోగాలు చేసే స్త్రీల మెడకు తగిలించాడు. అమెరికాలో ఆడవాళ్లు పెద్ద ఎత్తున ఉద్యోగాల్లోకి వస్తున్న కాలమది. 1982లో ఫ్రాన్సు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. దాత వీర్యంతో గర్భం కోసం ప్రయత్నించిన రెండువేల పైచిలుకు స్త్రీలలో ముప్ఫై దాటాక విజయం తగ్గిందని అందులో తేలింది. దానితోపాటు అచ్చయిన సంపాదకీయం ఇరవైలు పిల్లలకూ ముప్ఫైలు ఉద్యోగానికీ కేటాయిస్తే మేలేమో అని సూచించింది. ఆ స్త్రీలు అసలు ఆ క్లినిక్కులకు ఎందుకు వెళ్లారు? వాళ్ల భర్తల్లో వీర్యకణాలు లేక. లోపం మగవాళ్లది, పాఠం మాత్రం ఆడవాళ్లకు! 2001లో అమెరికా సంతాన వైద్యుల సంఘం పాలసీసాని ఇసుక గడియారంలా చూపించి బస్సుల మీద ప్రకటనలు వేస్తే అక్కడి జాతీయ మహిళా సంస్థ అభ్యంతరం చెప్పింది. చెప్పడంలో న్యాయం ఉంది.

అయితే గడియారాన్ని దుర్వినియోగం చేశారు గనక కాలమే లేదనలేం కదా. ఉన్నదేమిటో చూద్దాం. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో పది లక్షల నుంచి ఇరవై లక్షల అండకణాలుంటాయి. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. ముప్ఫై రెండు ప్రాంతం నుంచి గర్భం వచ్చే అవకాశం మెల్లిగా తగ్గుతుంది, ముప్ఫై ఏడు తర్వాత ఆ తగ్గుదల వేగమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న ముప్ఫై ఏళ్ల స్త్రీకి ఒక్కో నెల గర్భం నిలిచే అవకాశం సుమారు 20 శాతం, నలభై ఏళ్లకు 5 శాతం లోపు. గర్భస్రావాల మీద నార్వేలో జరిగిన పెద్ద అధ్యయనం 2019లో వెలువడింది. 25-29 ఏళ్ల వాళ్లలో గర్భస్రావాలు 10 శాతం, 45 దాటినవాళ్లలో 53 శాతం.

ఇది పితృస్వామ్యం కల్పించిన కట్టుకథ కాదు. అలాగని మన పెద్దమ్మలు, పిన్నమ్మలు భయపెట్టే కథ కూడా కాదు. 2004లో ఐరోపా స్త్రీల మీద అచ్చయిన ఒక అధ్యయనం చూడండి. వారానికి కనీసం రెండుసార్లు భర్తతో కలిసేవాళ్లలో 27-34 ఏళ్లవాళ్లు ఏడాదిలోగా 86 శాతం మంది గర్భం దాల్చారు. 35-39 ఏళ్లవాళ్లు 82 శాతం మంది. అంటే ముప్ఫై అయిదో పుట్టినరోజు నాడు విరిగిపడే కొండచరియ ఏదీ లేదు. మొదట్లో తెలియనంత మెల్లగా, తర్వాత నిటారుగా దిగే దారి ఉంది. ఈ తేడా తెలిసిన స్త్రీ ముప్ఫై మూడేళ్లప్పుడు గాభరాపడి ఎవరినో ఒకరిని కట్టుకోదు. నలభై రెండేళ్లప్పుడు ‘ఇంకా టైముందిలే’ అని ఎవరో చెబితే నమ్మదు. రెండు నష్టాల నుంచీ కాపాడేది సరైన సమాచారమే. అది అందనంత కాలం మనం ‘నీ నిర్ణయం నీదే’ అని ఎంత గట్టిగా చెప్పినా ఆ నిర్ణయం ఆమె చేతిలో ఉండదు.

మరి ఇప్పుడు అవగాహన పేరిట జరుగుతున్నదేమిటి? అందులో మొదటి మోసం మగవాడి వయసు లేకపోవడం. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ వీర్యం పరిమాణమూ, కణాల చలనమూ తగ్గుతాయి. తండ్రి వయసు ఒక్కో ఏడాది పెరిగితే బిడ్డలో సుమారు రెండు కొత్త జన్యుమార్పులు చేరతాయని ఐస్‌లాండ్ పరిశోధకులు 2012లో చూపించారు. ఈ మాట ఏ హోర్డింగు మీదైనా చూశారా? నలభై అయిదేళ్ల పెళ్లికొడుకుని పెళ్లిచూపుల్లో ఎవరైనా వీర్యపరీక్ష అడిగారా? భాష దగ్గరే ఈ వివక్ష మొదలైంది. ‘గొడ్రాలు’ అనే మాట మనకు ఉంది. పశువుకి వాడే మాటను మనిషికి తగిలించాం. దానికి జోడీగా పిల్లలు పుట్టించలేని మగవాడికి జనం నాలుక మీద ఒక్క మాట లేదు. పెళ్లయిన ఆర్నెల్లకే ‘ఏమ్మా, ఏమైనా విశేషమా?’ అని కోడల్నే అడుగుతారు, కొడుకుని అడగరు. విశేషం లేకపోతే పరీక్షలూ ఆమెకే, ఉపవాసాలూ ఆమెకే, చెట్టుకి ఉయ్యాల కట్టడమూ ఆమెకే.

రెండో మోసం ఆసుపత్రుల వాళ్లది. వయసుని చూపించి భయపెట్టి, ఆ వయసుని వెనక్కి తిప్పే యంత్రం తమ దగ్గరుందని నమ్మిస్తారు. ఐవీఎఫ్ అండం వయసుని తగ్గించదు. ముప్ఫై ఎనిమిదేళ్లప్పుడు దాచిన అండం ముప్ఫై ఎనిమిదేళ్ల అండమే. న్యూయార్క్ విశ్వవిద్యాలయం కేంద్రంలో అండాలు దాచుకుని, తర్వాత వాడుకున్న 543 మంది స్త్రీల ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. దాచుకున్నప్పుడు వాళ్ల సగటు వయసు 38. వాళ్లలో 39 శాతం మందికి బిడ్డ పుట్టింది. కొందరికిది గొప్ప వరమే, అందుకు వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ పదిమందిలో ఆరుగురికి అందని దాన్ని ఇన్సూరెన్సు అనరు. పైగా ఇంజెక్షన్లకీ, ఆపరేషన్‌కీ, ఏడాదికేడాది దాచే అద్దెకీ డబ్బు కట్టగలిగేది ఎవరు?

2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఒక స్త్రీ కవలల్ని కన్నది. దేశమంతా ఆ వార్త వేసుకుంది. గొడ్రాలన్న మాట దశాబ్దాల పాటు పడీ పడీ ఆమె ఆ వయసులో ఆ సాహసానికి దిగింది. ఆ మాట అన్న ఊరిని ఎవరూ ప్రశ్నించలేదు. వైద్యం సాధించిన అద్భుతమని మాత్రం చప్పట్లు కొట్టారు. ఆ కాన్పుకి అండం ఇచ్చినది వేరే యువతి. 45 దాటాక జరిగే ఐవీఎఫ్ కాన్పుల్లో చాలా మటుకు అంతే. ఆ తర్వాత 2021లో వచ్చిన చట్టం ఐవీఎఫ్‌కి స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల పరిమితి పెట్టింది. అండదాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలనీ, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలనీ చెప్పింది. ఒక స్త్రీ వయసు తీరిపోయిందని మరొక స్త్రీ వయసు తెచ్చి పూరిస్తున్నామన్నమాట. ఆ రెండో స్త్రీకి ఎవరు అవగాహన కల్పిస్తున్నారు?

మూడో మోసం మన రాష్ట్రాల్లో మరీ స్పష్టం. వయసు మీరుతున్న చదువుకున్న స్త్రీయే సమస్య అన్నట్టు మాట్లాడుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. 20-24 ఏళ్ల యువతుల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన. ఆంధ్రలో వివాహితల్లో పదిమందికి ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. ఎక్కువమందికి అది ఇరవైల్లోనే జరిగిపోతుంది. మగవాళ్ల ఆపరేషన్లు వెతికితే గాని కనిపించవు. 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3 శాతమైతే ఆంధ్రలో దాదాపు 9, తెలంగాణలో 8. పదిహేడుకి పెళ్లి, ఇరవై రెండుకి ఆపరేషన్, ముప్ఫై అయిదుకి గర్భసంచి లేదు. ఈ స్త్రీ ఒంట్లో టిక్కుటిక్కుమన్నది ఎవరి గడియారం?

ఆ గడియారాన్ని ప్రభుత్వాలు తమ అవసరాన్ని బట్టి తిప్పుతూ వచ్చాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన తీసేసింది. అదే ఏడాది ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమని పిలుపిచ్చారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లాడైతే ఆవూ దూడా ఇస్తానన్నారు. ముప్ఫై ఏళ్లు వద్దన్నవాళ్లే ఇప్పుడు కావాలంటున్నారు. వద్దన్నప్పుడూ మనల్ని అడగలేదు, కావాలన్నప్పుడూ అడగలేదు.

ఇక మన విశ్వవిద్యాలయాల సంగతికొద్దాం. ఎం.ఏ., నెట్, ఎం.ఫిల్., పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి తెలుగు సాహిత్యం చదువుకున్న నాలాంటివాళ్లకు ముప్ఫై దాటుతుంది. ఆ తర్వాత రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేవు. గెస్టు లెక్చరర్‌గా గంటల లెక్కన డబ్బులు తీసుకుంటూ ఎదురుచూస్తాం. గంటకింత అన్నచోట కాన్పు సెలవంటే ఆ నెలల జీతం పోవడమే. 2017 సవరణ తెచ్చిన 26 వారాల సెలవు మా గుమ్మం దాకా రాదు. నేను వెళ్లిన ఒక ఇంటర్వ్యూలో నా సిద్ధాంత గ్రంథం గురించి రెండు ప్రశ్నలు, నా సంసారం గురించి మూడు ప్రశ్నలు అడిగారు. 2016 యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీ చేసే స్త్రీలకు 240 రోజుల సెలవు, రెండేళ్ల అదనపు గడువు ఇచ్చాయి. ఇది పోరాడదగిన దారి అనడానికి అదే రుజువు. అండాశయం గడువుని ఎవరూ మార్చలేరు, విశ్వవిద్యాలయం గడువుని మనుషులు రాశారు, మనుషులు మార్చగలరు. అవగాహన శిబిరం పెట్టేవాళ్లు మార్చలేని గడువు గురించి ఆడపిల్లకు చెబుతారు. మార్చగలిగిన గడువు గురించి వైస్ ఛాన్సలర్‌కి చెప్పరు.

మనకు ఇందులో పాత దారి ఒకటుంది. 1980లలో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలను ఏమీ చెప్పకుండా తీసుకొస్తే స్త్రీశక్తి సంఘటన అడ్డుపడింది, సుప్రీంకోర్టుకెక్కింది. అప్పుడు మనవాళ్లు అడిగిన మొదటి విషయం సమాచారమే. 1991లో ‘సవాలక్ష సందేహాలు’ వచ్చింది. డాక్టరు ముందు నోరు విప్పలేని స్త్రీకి తన ఒంటి సంగతి తన భాషలో చెప్పిన పుస్తకమది. ఆ వారసత్వం మనదని చెప్పుకుంటూ, ఈ ఒక్క సందేహాన్ని మాత్రం ఫెర్టిలిటీ సెంటర్ల కరపత్రాలకు వదిలేయడం ఎలా న్యాయం?

కాబట్టి ఆ సందేహానికి జవాబు మనమే రాయాలి. అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే తరగతిలో, ఇద్దరి వయసులూ కలిపి చెప్పే పాఠం కావాలి. ఐవీఎఫ్ కేంద్రాలు వయసులవారీగా పుట్టిన బిడ్డల లెక్క బయటపెట్టాలి, నిలిచిన గర్భాల లెక్క చాలదు. ఇరవై రెండేళ్ల అమ్మాయిని ఆపరేషన్‌కి పంపేముందు తాత్కాలిక పద్ధతులన్నీ వివరించి, భర్త ఆపరేషన్ సంగతి కూడా అడగాలి. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులకు ప్రసూతి సెలవు జీతంతో ఇవ్వాలి, క్యాంపస్‌లో క్రెష్ ఉండాలి. పిల్లలు వద్దనుకున్న స్త్రీకి ఈ పాఠం మొదట్లోనే ‘నీకు ఇది అక్కర్లేకపోవచ్చు’ అని చెప్పగలగాలి. పిల్లలు కావాలనుకుని కలగని స్త్రీని మన సభల్లో కూడా ఎవరూ తక్కువగా చూడకూడదు. మాతృత్వాన్ని ప్రశ్నించే హడావుడిలో ఆమె దుఃఖానికి మనం చోటు ఇవ్వలేదు, ఆ దుఃఖాన్ని గుళ్లూ క్లినిక్కులూ ఎత్తుకెళ్లాయి.

పాఠకులారా, ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది పాఠాలు చెప్పేవాళ్లే. మీ దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి రేపు వచ్చి ‘మేడమ్, ఇంకెంతకాలం ఆగొచ్చు?’ అని అడిగితే పితృస్వామ్యం మీద ఉపన్యాసం ఇవ్వకండి. ముందు అంకెలు చెప్పండి, ఆమెవీ ఆమె సహచరుడివీ. తర్వాత ఆమె సెలవు దరఖాస్తు మీద సంతకం పెట్టి, రిజిస్ట్రార్ దగ్గరికి ఆమెతోపాటు నడవండి.