కోసేసిన మూడు అధ్యాయాలు

పెద్ద ఫాంటసీ నవల తెరమీద తేలిపోయిన ప్రతిసారీ ఒకటే తీర్పు వినాల్సి వస్తోంది: ఇవి రెండు గంటల్లో ఇమడవు, వెబ్ సిరీస్‌లకే నప్పుతాయి. అందుకు సాక్ష్యంగా ‘ది గోల్డెన్ కంపాస్’ను చూపిస్తారు. ఫిలిప్ పుల్‌మన్ నవల ‘నార్తర్న్ లైట్స్’ 2007లో న్యూలైన్ సంస్థ చేతిలో సినిమాగా నీరుగారింది, 2019లో బీబీసీ, హెచ్‌బీవోల సిరీస్‌గా నిలదొక్కుకుంది, కాబట్టి లోపం నిడివిదే అంటున్నారు. ఇది తప్పుడు లెక్క. ఆ సినిమాను చంపింది నిడివి కాదు, భయం. దానికి రుజువు మూడు అధ్యాయాలు.

నవలలో 23 అధ్యాయాలున్నాయి. చివరి మూడూ సినిమాలో లేవు. తీయడానికి వీలుకాక వదిలేశారా అంటే అదీ కాదు. చిత్రీకరించారు. వాటిలోని కొన్ని షాట్లు ట్రైలర్లలో కూడా కనిపించాయి. విడుదల దగ్గరపడ్డాక కత్తిరించి, రెండో భాగం మొదట్లో వాడుకుందామని పక్కన పెట్టారు. మిగిలిన సినిమా 113 నిమిషాలు. ఇదే న్యూలైన్ 2001లో విడుదల చేసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తొలి భాగం 178 నిమిషాలు. ప్రేక్షకులు అంతసేపు కూర్చుంటారని ఆ సంస్థకు అనుభవపూర్వకంగా తెలుసు. ఇక నిడివి మాట ఎక్కడిది?

కోసేసిన ఆ మూడు అధ్యాయాల్లోనే నవల ప్రాణం ఉంది. పుల్‌మన్ లోకంలో ప్రతి మనిషి ఆత్మా డీమన్ అనే జంతురూపంలో వెంటే ఉంటుంది. దాన్ని వేరుచేస్తే మనిషి బతికి బట్టకట్టడం కష్టం. కాలేజీ వంటింట్లో పనిచేసే నేస్తం రోజర్ కోసం కథానాయిక లైరా ఉత్తరానికి వెళుతుంది, అతన్ని దుర్మార్గుల చెర నుంచి విడిపిస్తుంది, ధైర్యంగా తండ్రి ఏస్రియల్ దగ్గరికి తీసుకెళుతుంది. మరో లోకానికి దారి తెరవడానికి ఆ తండ్రికి కావలసింది ఒక పిల్లవాడి ప్రాణం. కాపాడాననుకున్న స్నేహితుణ్ణి లైరా తన చేతులతోనే చావుకు అప్పగించింది. ఆమె ఒకరికి ద్రోహం చేయవలసి వస్తుందని నవల రెండో అధ్యాయంలోనే చెబుతుంది. ఆ మాట నిజమయ్యేది చివరి అధ్యాయంలో. అది తీసేస్తే ఏస్రియల్ మంచి తండ్రిగా, లైరా గెలిచిన పిల్లగా మిగిలిపోతారు. సినిమా సరిగ్గా అలాగే, అందరూ ఆశగా ఉత్తరానికి ఎగిరిపోతుండగా ముగుస్తుంది. కథ సగంలో ఆగడమే కాదు, దాని అర్థమే తలకిందులైంది.

మతసంస్థల బహిష్కరణే ముంచిందని మరికొందరి వాదన. అమెరికాలో కాథలిక్ లీగ్ పిలుపునిచ్చిన మాట నిజమే. అక్కడ వసూళ్లు 7 కోట్ల డాలర్ల దగ్గర ఆగడానికి అది కొంత కారణమై ఉండొచ్చు. కానీ చర్చిపై నవల చేసిన విమర్శను స్టూడియో ముందే పలుచన చేసింది. అయినా బహిష్కరణ తప్పలేదు. తలవంచినందుకు దక్కిందేమిటి? కోపంగా ఉన్నవాళ్లు చల్లబడలేదు, నవలను ప్రేమించినవాళ్లు దూరమయ్యారు. నటీనటుల ఎంపిక బాగుంది, విజువల్ ఎఫెక్ట్స్‌కు వచ్చిన ఆస్కార్ న్యాయమైనదే. ముగింపు లేని కథను ఇవేవీ నిలబెట్టలేవు.

పిల్లల సినిమాలో పిల్లవాడి చావా అని జంకేవారికి రెండు సంగతులు. 2003 చివర్లో లండన్ నేషనల్ థియేటర్ ఈ నవలతో మొదలయ్యే నవలాత్రయాన్ని రెండు భాగాల నాటకంగా వేదికెక్కించింది. రోజర్ చావును దాచలేదు. సినిమా వచ్చిన 2007లోనే, బాలసాహిత్యానికి ఇచ్చే కార్నెగీ మెడల్ 70 ఏళ్ల చరిత్రలో అత్యుత్తమ పుస్తకంగా పాఠకులు ఎన్నుకున్నది ఈ నవలనే. ఆ మూడు అధ్యాయాలతో సహా!

ఎవరూ గుర్తుచేయని అసలు నిదర్శనం న్యూలైన్ చరిత్రలోనే ఉంది. టోల్కీన్ నవలలో బోరోమిర్ మరణం రెండో సంపుటం మొదట్లో వస్తుంది. 2001లో దర్శకుడు పీటర్ జాక్సన్ దాన్ని ముందుకు జరిపి తొలి సినిమా పతాక సన్నివేశం చేశారు. ప్రేక్షకులు బరువెక్కిన గుండెతో బయటికొచ్చారు, మరుసటి ఏడాది రెండో భాగానికి మళ్లీ వచ్చారు. ఆరేళ్ల తర్వాత అదే సంస్థ దుఃఖాన్ని వెనక్కి నెట్టింది. ఆ రెండో భాగం రానేలేదు. దాచుకున్న మూడు అధ్యాయాలూ దేనికీ కాకుండా పోయాయి.

2019 సిరీస్ నెగ్గింది తొలి సీజన్‌లో ఎనిమిది ఎపిసోడ్లు ఉన్నందుకే కాదు. ఎనిమిదో ఎపిసోడ్‌లో రోజర్‌ను చనిపోనిచ్చే ధైర్యం ఉన్నందుకు. అదే పిరికితనం ఉంటే ఎనభై ఎపిసోడ్లు తీసినా ఫలితం మారదు. ముగింపు మింగుడుపడని నిర్మాతలు అసలు నవల జోలికి వెళ్లకూడదు. కొన్న తర్వాత దాని వెన్నెముక విరిచి, ఓడిపోయాక నేరాన్ని సినిమా అనే కళ మీదికి నెట్టడం నిజాయితీ కాదు. వాళ్ల మాటను విశ్లేషణ పేరుతో విమర్శకులు మోయడం ఇంకా అన్యాయం. ఆ మూడు అధ్యాయాల దృశ్యాలను బయటపెట్టండి. తీసిన సినిమాను చూపించకుండా, సినిమాకు చేతకాదని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.