మైనర్ ఎవరు? ఫ్రీ ఏది?

దీపం ‘ఆఫ్’ అయితే ఆరిపోయినట్టు. అలారం ‘గో ఆఫ్’ అయితే మోగినట్టు. బెండకాయేమో ‘లేడీస్ ఫింగర్’. నాట్లేసి, కట్టెలు కొట్టి, తునికాకు కోసి కాయలు కాసిన వేళ్లు కూడా ఆడవాళ్లవేనని ఆ పేరు పెట్టినవాళ్లకి తట్టి ఉండదు. ఇంగ్లీషులోని ఇలాంటి తలాతోకా లేని మాటల్ని పోగుచేసి నవ్వుకోవడం మన చదువుకున్నవాళ్లకి సరదా. ఆడవాళ్లు నోరు విప్పితే ‘లాజిక్ లేదు’ అని కొట్టిపారేసే పెద్దమనుషులే, ఇంగ్లీషులో లాజిక్ లేకపోతే ‘అదో అందం’ అని మురిసిపోతారు.

సరదా వరకే అయితే పేచీ లేదు. కానీ ఈ మాటలు ఫైళ్లలోకెక్కి, ఖమ్మం దాటి, భద్రాచలం అడవి అంచుకి చేరేసరికి జోకులుగా మిగలవు. రేట్లవుతాయి, కేసులవుతాయి, లేకుండా పోయిన హక్కులవుతాయి.

‘మైనర్’ అనే మాటే తీసుకోండి. 18 ఏళ్లు నిండని పిల్ల మైనర్. సాగర్ ఆయకట్టులో పిల్లకాలువ మైనర్. గోదావరి ఇసుక చట్టప్రకారం ‘మైనర్ మినరల్’. మన ఊళ్లలో జేబునిండా డబ్బుతో ఆడవాళ్ల వెంట తిరిగే సోగ్గాడూ మైనరే! తునికాకు, ఇప్పపువ్వు, తేనె, జిగురు, అడ్డాకు... ఇవన్నీ కలిపి ‘మైనర్ ఫారెస్ట్ ప్రొడ్యూస్’. దాన్ని మనం భక్తిగా ‘చిన్నతరహా అటవీ ఉత్పత్తులు’ అని అనువదించుకున్నాం. ఎవరికి చిన్న? టేకు దుంగలు లెక్కపెట్టుకునే అటవీశాఖకి చిన్న. ఎండాకాలం తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లానికి చేర్చే కోయ స్త్రీకి అది చిన్నదెలా అవుతుంది? వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే 50,000 ఆకులు. ఒక్కో ఆకూ చేత్తో తుంచిందే.

వెదురు సంగతి మరీ విచిత్రం. వృక్షశాస్త్రం ప్రకారం అది గడ్డిజాతి. 1927 నాటి భారత అటవీ చట్టం దాన్ని ‘ట్రీ’ అంది. ఆ నిర్వచనంలో మొద్దులూ పొదలూ కూడా చెట్లే! 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి అదే వెదురుని ‘మైనర్’ ఉత్పత్తుల్లో చేర్చింది. పాత చట్టంలోంచి వెదురు అనే మాట 2017లో గానీ తొలగలేదు. అదీ ముఖ్యంగా అడవి బయట వెదురు పెంచేవాళ్ల కోసం. 11 ఏళ్లపాటు ఒకే గడ ఒక కాగితంలో చెట్టు, ఇంకో కాగితంలో చిన్న ఉత్పత్తి. అర్థం తేలని చోట ఎవరి మాట చెల్లుతుంది? గడ భుజాన మోసుకొచ్చే మనిషిదా, చెక్‌పోస్టులో కూర్చున్న మనిషిదా?

అన్నిటికంటే గుచ్చుకునేది ‘ఫ్రీ’. జాతీయ నమూనా సర్వేలు మనుషుల పనికి వేసే కోడ్లలో 93 అని ఒకటుంది. ఇంటిపనితోపాటు కట్టెలు, కూరాకులు, దుంపలు, పశువుల మేత ఇంటి అవసరాలకి ‘ఫ్రీ కలెక్షన్’ చేసేవాళ్లు దాని కిందకి వస్తారు. వాళ్లని శ్రామికశక్తిలో లెక్కవేయరు. గుట్టెక్కి దిగి, నెత్తిన మోపు పెట్టుకుని నడిచి తెచ్చింది ఫ్రీ! డబ్బిచ్చి కొంటే సరుకు, ఒళ్లు అరగదీసుకుని తెస్తే ఉచితం. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అంటే స్వేచ్ఛ అని కూడా అర్థం ఉందట. ఆ అర్థం కట్టెలమోపు దాకా ఎప్పుడూ రాలేదు.

మాటల్లో ఏముంది, పనులు జరగాలి గానీ అనే మేధావులకి కొదవలేదు. చట్టాల్లో పుంలింగంలో రాసిన మాటలు స్త్రీలకీ వర్తిస్తాయని 1897 జనరల్ క్లాజెస్ చట్టం చెప్పింది. ‘హి’ అంటే ‘షి’ కూడా అన్నమాట. అంత చక్కగా వర్తిస్తే, పోడు భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని 2006 చట్టం విడిగా ఎందుకు రాయాల్సి వచ్చింది? మాటలో లేని మనిషి పట్టాలో ఉండదు కనుక!

2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. సరిహద్దు గీత మారింది. రెండువైపులా ఫైళ్లలో ‘మైనర్’ మాత్రం అలాగే ఉంది.

అటవీ హక్కుల కమిటీల్లో మూడోవంతు స్త్రీలుండాలని నిబంధన ఉంది. ఉండి ఏం చేయాలి? అర్థంకాని ఫారం కింద వేలిముద్ర వేయడమేనా? గ్రామసభ తీర్మానాలు కోయలో చదివి వినిపించాలి, తెలుగులో రాయాలి. ‘చిన్నతరహా’ కొట్టేసి తునికాకుని తునికాకు అనే, ఇప్పపువ్వుని ఇప్పపువ్వు అనే రాయాలి. ‘ఫ్రీ’ అని ఉన్నచోట ఎన్ని గంటలు, ఎంత దూరం, ఎంత బరువు అని రాయాలి. అవి రాయకుండా వేసిన ఏ లెక్కనీ మనం ఒప్పుకోనక్కర్లేదు.