ఎసరు లెక్క గోడమీదికి ఎప్పుడెక్కుతుంది?

మన హైస్కూళ్ల గోడపత్రికల మీద నాకో ఫిర్యాదుంది. అవి పత్రికలు కావు. ఆగస్టు 15కి జెండా బొమ్మ, సెప్టెంబర్ 5కి రాధాకృష్ణన్, నవంబర్ 14కి నెహ్రూ. మధ్యలో 'పరిశుభ్రత' మీద ఒక వ్యాసం, చుట్టూ స్కెచ్ పెన్నుతో పూల అంచు. వ్యాసం గైడులోంచి దిగిందని అందరికీ తెలుసు, సారుకు కూడా. అయినా మొదటి బహుమతి దానికే. ఆ పొద్దున బడి మరుగుదొడ్లు కడిగిన ఆయా ఊసు మాత్రం అందులో ఎక్కడా ఉండదు.

పిల్లల గోడపత్రిక మీద ఇంత కోపమెందుకని మీకు అనిపించొచ్చు. కొంచెం ఓపిక పట్టండి, జొన్నగిరి దాకా పోయొద్దాం.

జొన్నగిరి అంటే తొలకరికి చేలల్లో వజ్రాలు వెతుక్కునే జనం గుర్తొస్తారు, ఈమధ్య బంగారు గని గుర్తొస్తోంది. నాకు గుర్తొచ్చేది ఆ దగ్గర్లోనే, గుత్తి-పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడి బండలు. అశోకుడి శాసనాలు చెక్కిన బండలవి. జొన్నగిరే ఆనాటి సువర్ణగిరి అని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. ఆ శాసనాల్లో దాసులతో, కూలికి పనిచేసే భృత్యులతో సరిగ్గా నడుచుకోవాలని ఉంది. గురువును గౌరవించమని శిష్యులకు చెప్పాలని ఉంది. ఆ మాట చెప్పాల్సినవాళ్ల జాబితాలో బ్రాహ్మణులతో పాటు ఏనుగులు తోలేవాళ్లూ, లేఖకులూ ఉన్నారు. కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు చెక్కి ఉంటాయి, తొలిసారి గోడపత్రిక రాసే ఎనిమిదో తరగతి పిల్లాడి పనిలాగా. రాజు హుకుమే, కాదనను. కానీ రెండువేల రెండొందల ఏళ్లకు పైబడిన ఆ బండ మీద పనివాడికి చోటు దొరికింది. రంగులేసిన మన బడిగోడ మీద దొరకలేదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం వండే మనిషికి గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. 2019లో వెయ్యి నుంచి పెంచారు. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. జీతమంటే హక్కులొస్తాయి కదా! బియ్యం, గుడ్లు సర్కారువి. కూరగాయలు, కట్టెలో గ్యాసో వాళ్లే తెచ్చి పెట్టాలి, బిల్లు వచ్చేదాకా అంగట్లో అప్పు పెట్టాలి. మరుగుదొడ్లు కడిగే ఆయాకు 6,000. 2023లో పెట్టిన నైట్ వాచ్‌మన్‌కూ అంతే.

ఆయా 6,000 ఎక్కడివో చూడండి. 2021లో అమ్మ ఒడి డబ్బులో ఒక్కో తల్లి దగ్గర వెయ్యి పట్టుకుని మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. 2022లో బడి నిర్వహణకని ఇంకో వెయ్యి. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది, 2025లోనూ 13,000 తల్లికి, 2,000 బడికి. ఆయా బిడ్డ అదే బడిలో చదువుతుంటే ఆమె కూలిలో కొంత ఆమె దగ్గర పట్టుకున్న డబ్బే. దీనికి మించిన కథ నేను రాయలేను. పైగా కొన్నేళ్లు కడిగిన మరుగుదొడ్డి ఫొటోను సార్లు యాప్‌లో ఎక్కించాల్సి వచ్చేది. దొడ్డి యాప్‌లోకి ఎక్కేది, కడిగిన మనిషి ఎక్కేది కాదు.

బడిలో అసలు వార్త తెలిసేది కూడా వీళ్లకే. దసరా దాటితే ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల జనం సుగ్గికి పోతారు. పత్తికి, మిరపకు గుంటూరు దాకా బండ్లు కడతారు. వెనక పిల్లలు కూడా పోతారు. హాజరు పట్టీలో పేరు ఇంకా ఉంటుంది. హైస్కూలు పిల్లకు రోజుకు 150 గ్రాముల బియ్యమని కాగితం మీద లెక్క. కానీ ఎసట్లో ఎంత పొయ్యాలో వంటమ్మకు తెలుసు. "ఈ వారం తొమ్మిదో క్లాసు సగం లేదు సారూ" అని ముందు చెప్పేది ఆమే. ఆ వాక్యం గోడపత్రికలో పడితే అది పత్రిక అవుతుంది. పడదు.

'పిల్లలకు రాజకీయాలెందుకు' అంటారు. అమెరికాలో, మిస్సోరి రాష్ట్రం హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో 1983లో విద్యార్థులు టీనేజ్ గర్భాల మీద, తల్లిదండ్రుల విడాకుల మీద తమ పత్రికకు కథనాలు రాశారు. ప్రిన్సిపాల్ రెండు పేజీలు తీసేయించాడు. పిల్లలు కోర్టుకెక్కారు. 1988లో సుప్రీంకోర్టు 5-3తో బడి పక్షానే తీర్పిచ్చింది. తీర్పు నాకు నచ్చదు, కానీ అక్కడ తీసేయడానికి రెండు పేజీలైనా ఉన్నాయి. మన గోడపత్రికలో తీసేయాల్సినంత పేజీ ఒక్కటి చూపించండి! పిల్లలకు తమ మాట చెప్పే హక్కు ఉందన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో మన దేశం 1992లోనే చేరింది.

ఒక అభ్యంతరం మాత్రం గట్టిది. వంటమ్మ పేరు వేస్తే ఆమె పనికే ఎసరు రావచ్చు. ప్రభుత్వం మారితే వంట ఏజెన్సీ మారుతుందని పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. అయితే పేరు వేయొద్దు, ఆమెను అడక్కుండా ఫొటో అసలే వద్దు. 3,000 అన్న అంకె రహస్యం కాదు కదా. బిల్లు వచ్చి ఎన్ని నెలలయిందో రాయడానికి పేరు అక్కర్లేదు.

మనల్నీ వదలను. కరువు మీద, ఫ్యాక్షన్ మీద సీమ కథలు ఎన్ని చదివాం! బడి వంటగదిలో పుట్టిన కథ నేను చదివినంతలో బహు తక్కువ. టీచర్లు రాసే సాహిత్యం మనకు కొదవ లేదు, ఆ టీచర్లకు రోజూ అన్నం వడ్డించే చెయ్యి మాత్రం కథలోకి రాదు.

గోడపత్రిక నడిపే సార్లు, టీచరమ్మలు మన పాఠకుల్లోనే చాలామంది ఉన్నారు. ఈ ఏడాది తొలి సంచిక నెహ్రూ పుట్టినరోజుకు కాకుండా, సుగ్గి బండ్లు కదిలే వారంలో వేయించండి. మొదటి వార్త ఏం రాయాలో పిల్లలకు తోచకపోతే పలకా బలపం ఇచ్చి వంటగదికి పంపండి. ఆ పొద్దున ఎసట్లో ఎన్ని శేర్లు తగ్గించిందో వంటమ్మ చెబుతుంది.