మేనమామ సలహా

మొన్న దామరచర్లలో మా అక్క ఇంటి డాబా ఎక్కితే దూరంగా యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కనబడ్డాయి. 2015లో శంకుస్థాపన జరిగిన ఆ కేంద్రం పూర్తి సామర్థ్యం 4000 మెగావాట్లు. ఒక్కొక్కటి 800 చొప్పున అయిదు యూనిట్లు. చూస్తూంటే నాకు సిగ్గు వేసింది.

ఎందుకంటే 2016లో మా పెద్ద మేనకోడలు ఎంసెట్ కౌన్సెలింగులో ఎలక్ట్రికల్ కోరుకుంటే, వద్దని వారించినవాణ్ణి నేనే. 'ఆడపిల్లవు, ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే చదువు చదువుకో' అన్నాను. మేనమామ మాట కదా, కాదనలేదు. ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తరచూ రాత్రి షిఫ్టులు. అమెరికా వాడి పగటి కోసం మేలుకుంటే మనకది గౌరవప్రదమైన ఉద్యోగం. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కోసం మేలుకుంటే మాత్రం ఆడదానికి తగని కష్టం! ఈ తర్కం ఎక్కడిదో అప్పుడు నేను ఆలోచించలేదు.

నిజానికి మన భాషవారికి ఈ విషయంలో గొప్ప వారసత్వమే ఉంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. పదునెనిమిదేళ్ళకే భర్త పోయాడు, ఒడిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఆచార్యులు. కూతుర్ని అక్కడే చేర్పించారు. 1943లో ఆమె పట్టా పుచ్చుకొని దేశంలోనే తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. ధ్రువపత్రంలో అచ్చయి ఉన్న పుంలింగ సర్వనామాన్ని కొట్టివేసి 'ఆమె' అని దిద్దవలసి వచ్చిందట. తరువాత కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళారు. వైధవ్యమంటే మూల గది అని నమ్మిన కాలంలో ఆ తండ్రి పాటి ధైర్యం నాకు లేకపోయింది.

పోనీ అది పాత కథ అనుకుందామా? 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు స్త్రీలు పనికిరారన్నది. ఇద్దరు యువతులు హైకోర్టుకెక్కారు. 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, 2021లో సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష లైన్‌వుమన్‌గా ఉద్యోగంలో చేరింది. చదువు చాలలేదు, బలం చాలలేదు, న్యాయస్థానం కూడా కావలసివచ్చింది.

చిన్న మేనకోడలు ఈ ఏడు ఎప్‌సెట్ రాసింది. ఆప్షన్లలో మొదటి వరుస ఎలక్ట్రికల్. ఈసారి నన్నెవరూ సలహా అడగలేదు. అక్క మాత్రం వీర్లపాలెం వైపు చూపిస్తూ, "అండ్ల రాత్రి డ్యూటీ పడితే ఇంటికి బస్సు ఉంటదారా?" అన్నది.

"ఉంటే పంపుతావా?" అన్నాను.

కాసేపు ఊరుకుని, "ముందుగాల సీటు రానీ," అన్నది.