ఏది పొరపాటు?

ఛాయాచిత్రకారుల పొరపాట్లను గురించి వ్రాసేవారు చేతి పొరపాట్లనే లెక్కిస్తారు. ఈ లెక్క నాకు సమ్మతం కాదు.

1946లో పూనాలో గాంధీజీ చిత్రం తీయవచ్చిన అమెరికా వనిత మార్గరెట్ బర్క్-వైట్ ముందుగా నూలు వడకడం నేర్చుకోవలసి వచ్చింది. (ఈ షరతును చాదస్తమని నవ్వేవారున్నారు, నవ్వనీయండి.) ఆమెకు అనుమతించినవి మూడు ఫ్లాష్ బల్బులే. ఒకటి అదను తప్పి వెలిగింది. రెండవసారి ఫిల్మును కప్పి ఉన్న పలకను తీయడమే ఆమె మరచింది. మూడవదానికి దక్కినదే లోకమెరిగిన రాట్నం చిత్రం. ఈ వృత్తాంతాన్ని అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు.

1948 జనవరి 30న గాంధీజీ హతుడైన పిమ్మట, పార్థివ దేహమున్న గదిలోకి ఆమె కెమెరాను దాచి తెచ్చి ఫ్లాష్ వెలిగించింది. శోకార్తులు మండిపడ్డారు, ఆ ఫిల్మును ఆమెకు దక్కనీయలేదు. ఈసారి యంత్రం చక్కగానే పనిచేసింది. కనుక పాఠాలు చెప్పేవారి దృష్టిలో అది పొరపాటు కాదు, సాహసం!

వృత్తిధర్మం కాదా అని మీరడుగవచ్చును. ఆ దినాలలో ఢిల్లీలోనే ఉండిన ఆఁరి కార్టియే-బ్రెసాఁది కూడ అదే వృత్తి. అతడు ఉన్న వెలుతురుతోనే చిత్రాలు తీశాడు. వెలుతురు చాలదన్న సాకు ఇక నిలవదు. నేడు సెల్‌ఫోను చేతబట్టి శవం చుట్టూ మూగేవారికి పలక తీయడం మరచే భయమైనా లేదు.