మబ్బు కబురు వచ్చింది, లారీ రాలేదు

ఏప్రిల్ నెల వచ్చిందంటే మన ఫోన్లకు మెసేజీలు మొదలవుతాయి. రాగల మూడు గంటల్లో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో వాన, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు వచ్చే అవకాశం ఉందంటారు. ఆ కిందనే ఇంకో ముక్క ఉంటుంది: కోసిన పంటను సురక్షిత ప్రదేశానికి తరలించుకోవాలని. ఆ ముక్క చదివినప్పుడల్లా మేము ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. ఆ సురక్షిత ప్రదేశం ఎక్కడుందో ఎవరైనా చెబితే బాగుండు. ఊళ్లో గోదాము లేదు. ఇంట్లో వంద బస్తాలు పట్టవు. వడ్లు ఉన్నది కొనుగోలు కేంద్రంలో, ఆకాశం కింద.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ వ్యాసం వాతావరణ శాఖ మీద ఫిర్యాదు కాదు. మా చిన్నతనంలో రేడియోలో ప్రాంతీయ వార్తల చివర రాష్ట్రం మొత్తానికి కలిపి ఒక్క ముక్క చెప్పేవాళ్లు. మా నాయనలు దాన్ని నమ్మక ఈశాన్య మూల మెరుపు చూసి పశువులను కొట్టంలోకి తోలేవాళ్లు. ఇవాళ రాడార్లున్నాయి. తెలంగాణలో మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. పిడుగు ఎటు పడుతోందో చూపే దామిని యాప్ ఉంది. కబురు బాగుపడింది. కబురు వచ్చిన తర్వాత జరగాల్సిన పనే బాగుపడలేదు. మా బాధ అదీ.

ఎండాకాలం వాన తీరు వేరు. మధ్యాహ్నానికి నేల పెనంలా కాగుతుంది. బంగాళాఖాతం మీదుగా తేమ గాలి వస్తుంది. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి ఏర్పడిందని వార్తల్లో వింటుంటాం కదా, ఆ గీత పొడవునా వేడి గాలి, తేమ గాలి కలిసి పైకి లేస్తాయి. గంట, గంటన్నరలో మబ్బు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు పెరుగుతుంది. పైన గడ్డకట్టిన నీరే వడగండ్లయి పడుతుంది. అందుకే ఈ వానలు ఎక్కువగా సాయంత్రం పూట వస్తాయి. ఒక ఊరిని ముంచి పక్క ఊరిలో చుక్క రాల్చవు. ఏ ఊరి మీద పడుతుందో రెండు రోజుల ముందు చెప్పడం ఎవరి వల్లా కాదు. జిల్లాలో పడుతుందని మాత్రం చెప్పగలుగుతున్నారు, చాలాసార్లు నిజమవుతోంది.

ఆ కబురులోని మాటలకు అర్థం తెలుసుకోవడం మన పని. "ఒకటి రెండు చోట్ల" అంటే వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని లెక్క. మన ఊరు అందులో లేదనుకోవడానికి లేదు. "తేలికపాటి వాన" అంటే రోజుకు రెండున్నర నుంచి పదిహేనున్నర మిల్లీమీటర్లు. అధికారుల పుస్తకంలో అది తేలికే. ఆరబోసిన వడ్ల మీద పది మిల్లీమీటర్లు అరగంటలో పడితే రాశి అడుగు మొలకెత్తడానికి చాలు. ఎల్లో అంటే కనిపెట్టి ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధం కమ్మని, రెడ్ అంటే వెంటనే కదలమని. ఈ రంగులు రైతుకే కాదు, జిల్లా యంత్రాంగానికీ వర్తిస్తాయి. ఆ సంగతే మరిచిపోతున్నారు.

పోయిన యాసంగిలో మా మండలంలోని ఒక కేంద్రంలో జరిగింది చెబుతాం. మేము వడ్లు పోసి పదకొండు రోజులైంది. తేమ చూశారు, పదహారు వచ్చింది, సరే అన్నారు. టోకెన్ ఇచ్చారు. గోనె సంచులు లేవన్నారు. సంచులు వచ్చాక హమాలీలు లేరన్నారు. కాంటా అయ్యాక లారీ లేదన్నారు. ముందు రోజు సాయంత్రమే ఆరెంజ్ కబురు వచ్చింది. అద్దెకు తెచ్చిన పట్టాలు కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, మా ఆడవాళ్లు పట్టా అంచుల మీద కూర్చున్నారు. నాలుగున్నరకు గాలి వచ్చింది. పట్టాలు లేచిపోయాయి. గంట తర్వాత చూస్తే వడ్లు మోరీ వెంట పారుతున్నాయి. మిగిలినవి ఎత్తి మళ్లీ ఆరబోస్తే రంగు మారాయన్నారు. మిల్లు దగ్గర బస్తాకు రెండు కిలోలు తరుగు తీశారు. పదకొండు రోజుల ఆలస్యం మాది కాదు. నష్టం మాత్రం పూర్తిగా మాదే అయింది.

నిబంధన ప్రకారం తేమ 17 శాతం దాటకూడదు. రంగు మారినవి, మొలకెత్తినవి, దెబ్బతిన్నవి కలిపి ఐదు శాతం మించకూడదు. మంచిదే. మరి వడ్లు కేంద్రానికి వచ్చిన రోజు ఆ లెక్కలో సరిపోయి, పదకొండో రోజు తడిస్తే ఆ తడికి బాధ్యులెవరు? అంగట్లో బేరం కుదిరి, సరుకు షాపులో పెట్టాక తడిస్తే అమ్మినవాడి మీద వేస్తారా? రైతు దగ్గరకు వచ్చేసరికే లెక్క తిరగబడుతోంది.

పరిహారం సంగతి చూద్దాం. 2022లో సవరించిన విపత్తు సహాయ నిబంధనల్లో పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే సాయం. నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరాకు 6,900 కూడా కాదు. అదీ రెండు హెక్టార్ల వరకే. ఈ లెక్క చేలో నిలబడి ఉన్న పంటకు. కేంద్రంలో రాశి పోసిన వడ్లకు ఇందులో చోటు లేదు. ఫసల్ బీమాలో కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు రక్షణ ఉంది, 72 గంటల్లో తెలపాలి. ఆ పథకం నుంచి మన రాష్ట్రం 2020లోనే బయటికి వచ్చింది. 2023 మార్చిలో వడగండ్లు పడ్డప్పుడు అప్పటి ముఖ్యమంత్రి స్వయంగా పొలాలు తిరిగి ఎకరాకు 10,000 ప్రకటించారు, కౌలు రైతుకూ అందాలన్నారు. అలా ఒకరి దయ మీద కాకుండా హక్కుగా రావాలన్నది మా వాదన. కౌలు రైతు పేరు ఏ కాగితం మీదా లేకపోతే డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. సాగు చేసినవాడు ఒట్టి చేతులతో మిగులుతాడు.

డబ్బు కన్నా పెద్దది ప్రాణం. పట్టాలు పట్టుకుని ఉన్నవాళ్లు, గొర్లు కాసేవాళ్లు ఉరుము వినగానే వేపచెట్టు కిందికి పరుగెత్తుతారు. అక్కడే పిడుగు. ఉరుము వినబడిందంటే పిడుగు అందే దూరంలోనే ఉన్నామని అర్థం. వడ్లు పోతే పోనీ, ముందు పక్కా ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. కొనుగోలు కేంద్రం పక్కన నలుగురు తలదాచుకునే ఒక్క గది కూడా లేకపోవడం ప్రభుత్వం సిగ్గుపడాల్సిన విషయం.

మేము అడుగుతున్నవి గొంతెమ్మ కోర్కెలు కావు. టోకెన్ ఇచ్చి తేమ చూసిన క్షణం నుంచి వడ్ల బాధ్యత కొనే సంస్థదే కావాలి. ఆరెంజ్ కబురు వచ్చిన జిల్లాకు ఆ రాత్రే అదనపు లారీలు పంపాలి, తూకమైన బస్తాలన్నీ తెల్లారేసరికి కదలాలి. ప్రతి కేంద్రానికీ సిమెంటు గచ్చు, పట్టాలు, ఒక గది ఉండాలి. తడిసిన ధాన్యాన్ని కోత లేకుండా కొనాలి. సాయం సాగుదారు పేరునే రావాలి. 2024లో మూసేసిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు మళ్లీ పూర్తిగా పనిచేయాలి. ఇప్పుడు వచ్చే కబురును మన పంటకు, మన మండలానికి తగ్గట్టు విడమరిచి చెప్పేది వాళ్లే.

అంతవరకు మనం చేసుకోగలిగింది చేసుకుందాం. హార్వెస్టర్‌ను పిలిచే ముందు అయిదు రోజుల కబురు చూడండి. ఊరంతా ఒకే రోజు కోయించకుండా వంతులు పెట్టుకోండి. వడ్లు పోసిన తేదీ, తేమ శాతం కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. తడిస్తే అదే రోజు ఫొటో తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఒక నకలు సంఘానికి చేర్చండి. నోటి మాటకు దస్తావేజు బలం ఉండదు. ఇంకొకటి, మే నెలలో ఒక పెద్ద వాన పడగానే పత్తి గింజలు పెట్టకండి. ఆ వాన దుక్కికి, జీలుగకు, జనుముకు మంచిది. పత్తికి మాత్రం వానాకాలం మొదలై 60, 70 మిల్లీమీటర్లు పడి నేల బాగా తడవాలి.

వానను ఎవరూ ఆపలేరు, ఆపమని మేము అడగడం లేదు. ముందు రోజే తెలిసిన వానకు కూడా ధాన్యం తడిస్తే దాన్ని ప్రకృతి వైపరీత్యం అనకూడదు. ఈ నెలలో ప్రతి మండలంలో తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి అడుగుదాం: కబురు మాకు వచ్చింది, మీకూ వచ్చింది కదా, మీరేం చేశారు?