సొమ్మొకరిది – సోకొకరిది

బడి కమిటీలను గురించి మా కడప జిల్లాలో ఒక మాట తరచుగా వినబడుతున్నది. "డబ్బు చేతికిచ్చారు, తగవులు మొదలయ్యాయి. ఈ తల్లిదండ్రుల కమిటీలే లేకుంటే బళ్ళు ప్రశాంతంగా ఉండును" అని. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ ముందు విన్నాను. జమ్మలమడుగు బస్టాండులో విన్నాను. పులివెందులలో ఒక పెళ్ళిపందిట్లోనూ విన్నాను. విచారించదగిన విషయమేమంటే, నాతో కలిసి పాఠాలు చెప్పిన ఉపాధ్యాయ మిత్రులు సైతం ఇదే మాట అంటున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను వీరితో ఏకీభవించలేను. డబ్బు దగ్గర తగవు పడటం జబ్బు కాదు. తగవు పడవలసిన చోట పడక, తలలూపి చేవ్రాలు చేసి లేచిపోవడమే జబ్బు.

ముందుగా హక్కు సంగతి చూద్దాం. తల్లిదండ్రుల కమిటీ అనేది హెడ్మాస్టరుగారు దయతలచి టీ తాగడానికి పిలిచే సభ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం చేశారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 21వ విభాగం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి; మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలి. (ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బళ్ళకు ఈ విభాగం వర్తించదు. వారి కథ వేరు.) ఈ కమిటీ చేయవలసిన పనుల్లో ఒకటి, ప్రభుత్వం నుండిగాని, స్థానిక సంస్థ నుండిగాని, మరి ఏ ఇతర మార్గం నుండిగాని వచ్చిన నిధుల వినియోగాన్ని కనిపెట్టి ఉండటం. "మరి ఏ ఇతర మార్గం" అన్న చోట చదువరులు ఒక్క క్షణం ఆగాలని మనవి. పూర్వవిద్యార్థులు పంపిన చందా, ఊరి షాహుకారు ఇచ్చిన విరాళం, వార్షికోత్సవం పేరిట ఎత్తిన సొమ్ము, ఇవన్నీ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. బడి గడప దాటి లోపలికి వచ్చిన రూపాయి, ఇచ్చినవాడి సొంత రూపాయిగా మిగలదు.

కాగా జరుగుతున్నదేమిటి? నేనెరిగిన ఒక బడి సంగతి చెబుతాను. ఊరు, పేరు అనవసరం. ఇలాంటివి ఏ తాలూకాలో చూసినా కనబడతాయి. పూర్వవిద్యార్థులు, ఊరి పెద్దలు కలిసి లక్షకు పైగా చందా ఎత్తారు. కమిటీ కూర్చున్నది. వీధి వైపు ఆర్చి కట్టించి, దాతల పేర్లు చెక్కించి, సరస్వతీదేవి బొమ్మ నిలపాలని ఒక పక్షం. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళు ఎక్కేటట్లు మోటారు బాగుచేయించి, శుభ్రం చేసే మనిషికి ఏడాది జీతం తీసి పెట్టాలని రెండో పక్షం. రెండో పక్షంలో ఉన్నది ముగ్గురు తల్లులు, మరి నేను. ఆ ముగ్గురిలో ఒకామె లేచి, "పొద్దన నుంచి సాయంత్రం దాకా నా బిడ్డ నీళ్ళు తాగదు సార్, ఆ దొడ్లోకి పోలేక" అన్నది. సభ నిశ్శబ్దమయింది. పిమ్మట ఒక పెద్దమనిషి, "అమ్మా, అవన్నీ గవర్నమెంటు చూసుకుంటాది. ఇది దాతల డబ్బు, దానికి ఒక గుర్తుండాల" అన్నాడు. ఆర్చి లేచింది. తీర్మానాల పుస్తకంలో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాశారు. నా అసమ్మతి రాయండి అంటే, "పండితులవారు పెద్దవారు, వారి ఆశీస్సులు కూడా ఉన్నట్లే" అని నవ్వి పుస్తకం మూశారు.

ఆ ఆర్చి కింద నుండి నడచిపోయే ఆడపిల్లలు ఎండాకాలం కూడా గొంతు తడుపుకోకుండా ఎనిమిది పీరియడ్లు కూర్చుంటున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెతకు ఇంతకంటె ఉదాహరణ నాకు దొరకలేదు. ప్రశాంతత కోరే మిత్రులను నేను అడిగేది ఇదే. ఆనాడు ఆ తల్లి నోరు మూసుకొని ఉంటే బడి ప్రశాంతంగా ఉండును. ఆ ప్రశాంతత ఎవరికి మేలు?

వ్యాకరణం చెప్పుకొని బతికినవాణ్ణి కనుక ఆ పరిభాషలోనే ఒక మాట. మన శిలాఫలకాల మీద కర్త పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కర్మ, అంటే గేటో వేదికో, ఎదురుగానే ఉంటుంది. సమాపక క్రియ మాత్రం ఎక్కడా ఉండదు. కట్టించి, రంగు వేయించి, రిబ్బను కత్తిరించి... అన్నీ అసమాపక క్రియలే. ఆ తరువాత ఎవరు ఊడ్చారు, ఎవరు తాళం తీశారు, ఎవరు కరెంటు బిల్లు కట్టారు అన్న ప్రశ్నలతో వాక్యం ఆగిపోతుంది. చందా ఎప్పుడూ కంటికి కనబడే పని వైపే పరుగెత్తుతుంది. బడికి కావలసినవేమో చాలావరకు కంటికి కనబడనివి: ఫినాయిలు, చీపుళ్ళు, కొళాయి వాషరు, ఆయాకు నెల నెలా జీతం, పుస్తకాల బీరువా తాళంచెవి రోజూ తిప్పే చెయ్యి.

ఇక ఎదుటి పక్షం వాదాలకు సమాధానం చెబుతాను.

"పేరు వేయకపోతే ఎవరిస్తారు?" అంటారు. పేరు వేయవద్దని నేను అనలేదు. పేరు కోసం పని ఎంచవద్దంటున్నాను. కడపలో బ్రౌన్ దొర నివసించిన బంగళా శిథిలమైపోగా, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, ప్రజల చందాలు కూడబెట్టి, అక్కడ గ్రంథాలయం లేవనెత్తారు. తరువాత అది యోగివేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్ళి భాషాపరిశోధన కేంద్రంగా నిలిచింది. రోజూ తలుపు తెరవవలసిన సంస్థకు కూడా మన జిల్లా జనం చందా ఇచ్చారు, ఇస్తారు. అడిగేవాడు దేనికోసం అడుగుతున్నాడన్నదే ప్రశ్న.

"నిర్వహణ గవర్నమెంటు చూసుకుంటుంది" అంటారు. సమగ్ర శిక్ష కింద పిల్లల సంఖ్యను బట్టి ఏటా బడికి గ్రాంటు ఉన్న మాట నిజమే. అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు వినియోగించాలన్న నియమమూ ఉన్నది. కాని ఆ గ్రాంటులోనే సుద్దముక్కలు, కరెంటు, మరమ్మతులు అన్నీ వెళ్ళదీయాలి. నూరుమంది పిల్లలున్న బడికి వచ్చేది వేలల్లో, లక్షల్లో కాదు. ఆ సొమ్ము చాలదని తెలిసీ ఆర్చికి లక్ష పోసేవారు "గవర్నమెంటు" అన్న మాటను చాటు చేసుకుంటున్నారంతే.

"చందా ఇవ్వని పేద తల్లికి అడిగే హక్కెక్కడిది?" ఈ మాట అన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. 2020 జనవరిలో అమ్మ ఒడి పథకం మొదలైనప్పుడు తల్లి ఖాతాకు 15,000 రూపాయలు. 2021 జనవరిలో అందులో 1,000 రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకని మినహాయించారు. 2022 జూన్ నాటికి బడి నిర్వహణను కూడా కలిపి మినహాయింపు 2,000 అయింది. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది. 2025 జూన్‌లో కూడా 2,000 పోగా ఖాతాలో పడింది 13,000. పార్టీలు మారినా మినహాయింపు మారలేదు. షాహుకారు బిరుదులతో ఇచ్చిన చందాకు రాతిపలక. ఈ తల్లి ఏ పలకా లేకుండా ఇచ్చిన రెండువేలకు "నువ్వేమిచ్చావమ్మా" అన్న ఎత్తిపొడుపు! సొమ్మొకరిది, సోకొకరిది అంటే ఇదే కదా. ఆ డబ్బు నేరుగా తన బిడ్డ బడికే చేరదు, పైనుండి కేటాయింపుగా దిగివస్తుంది. అందుకే ఎంత దిగింది, ఎక్కడ ఖర్చయింది అని అడిగే అర్హత ఆమెకు అందరికంటె ఎక్కువ.

ఒకే బడిలోని అన్యాయం ఇది. బడికీ బడికీ మధ్య ఉన్న అన్యాయం ఇంకొకటి. ప్రొద్దుటూరు వ్యాపారానికి పెట్టింది పేరు. అక్కడ చదివి పైకి వచ్చినవారు బెంగుళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు. సంఘం పెట్టి పిలిస్తే నాలుగు రూకలు రాలతాయి. పులివెందుల ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చిన ఊరు. దాని సంగతి సర్కారుకు గుర్తుచేయవలసిన పని చాలాకాలం ఎవరికీ పడలేదు. జమ్మలమడుగు చుట్టుపట్లనో? గండికోట జలాశయంలో మునిగిన ఊళ్ళనుండి వచ్చి పునరావాస కాలనీల్లో ఉంటున్నవారి పిల్లలున్నారు. 2020లో తాళ్ళప్రొద్దుటూరు వాళ్ళు ఇళ్ళలోకి నీళ్ళు వస్తుంటే సామాన్లు మోసుకొని కదిలారు. పాత బడే నీటిపాలైన ఊరికి పూర్వవిద్యార్థుల సంఘం ఎక్కడినుండి వస్తుంది? వచ్చినా, చెదిరిపోయిన ఆ కూలివాళ్ళ, నేతవాళ్ళ బిడ్డలు ఏమి చందా ఎత్తగలరు?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా – మాలిబు విద్యా పరిధిలో, సంపన్నుల బడికి చందా వెల్లువెత్తడం, పక్కబడికి చుక్క రాకపోవడం చూసి, 2011లో జిల్లా మొత్తానికి ఒకే నిధిగా చందా ఎత్తాలని బోర్డు తీర్మానించింది. మాలిబు తల్లిదండ్రులు గట్టిగా ఎదిరించారు. ఒరెగాన్‌లోని పోర్ట్‌లండ్ నగరంలో, ఒక బడి ఎత్తిన చందాలో మొదటి 10,000 డాలర్లు పోగా మిగిలినదానిలో మూడోవంతు పేద బళ్ళ ఉమ్మడి నిధికి ఇవ్వాలన్న పద్ధతి ఏళ్ళ తరబడి నడిచింది. ఆ మూడోవంతు చాలదన్న విమర్శ పెరిగి 2024లో బోర్డు ఆ ఏర్పాటునే ముగించాలని నిర్ణయించింది. అక్కడివారు ఆ సొమ్ముతో అదనపు ఉపాధ్యాయులను పెట్టుకునేవారు. మనం ఆర్చీలు కడుతున్నాం. తేడా ఎంత ఉన్నా, వాళ్ళు బహిరంగంగా కూర్చొని తగవులాడారు. మనవాళ్ళు "ఏకగ్రీవం" అని రాసుకొని ఇళ్ళకు పోతున్నారు.

విమర్శించి ఊరకుంటే పండితుల గొణుగుడు అంటారు. కనుక చేయదగినవి నాలుగు చెబుతాను.

ఒకటి. బడి ఖాతాకు వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి నెలకొకసారి వరండా గోడమీద రాయాలి. కమిటీ సొమ్ము ప్రత్యేక ఖాతాలో ఉంచి ఏటా తనిఖీకి సిద్ధంగా ఉంచాలని విద్యాహక్కు నమూనా నియమాలే చెబుతున్నాయి. గురిగింజ ఎత్తు బంగారానికి చిట్టా, ఆవర్జా రాసే ప్రొద్దుటూరు సీమకు ఇది బరువు కాదు.

రెండు. నీళ్ళు, మరుగుదొడ్డి, పుస్తకం, ఈ మూడూ సవ్యంగా ఉన్నాయని తల్లులు చేవ్రాలు చేసేవరకు గేటుకు, వేదికకు, షామియానాకు చందా ముట్టరాదు. వస్తువు ఇచ్చే దాత దాని మూడేళ్ళ పోషణకు కూడా ఇవ్వాలి. పులివెందుల రైతు చీనీ మొక్క నాటి, నీటి ఊసెత్తకుండా ఫొటో దిగి ఇంటికి పోడు కదా!

మూడు. ఒక స్థాయికి మించి చందా వచ్చిన పట్టణపు బడి, అందులో ఒక వంతు దాతలూ దిక్కూ లేని పక్క పల్లె బడికి ఇవ్వాలి. దాతకు ఈ సంగతి ముందే చెప్పాలి.

నాలుగు. సమావేశంలో తల్లులు ముందు మాట్లాడాలి. వారి బదులు భర్తలు వచ్చి కూర్చోరాదు. అసమ్మతి ఉంటే తీర్మానాల పుస్తకంలో పేరుతో సహా రాయాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిగినప్పుడు ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కడప మునిసిపల్ ఉన్నత పాఠశాలకు వచ్చారు. అంత జనాన్ని పిలవగలిగిన ప్రభుత్వం, అలాంటి ప్రతి సభలోనూ బడి పద్దును పైకి చదివి వినిపించాలని ఒక్క వరుస ఉత్తర్వు ఇవ్వలేదా?

ఇందులో ఏదీ అసాధ్యం కాదు, ఖర్చు అసలే కాదు. కావలసినదల్లా మొహమాటం విడవటం. దాత ఎదుట నోరు మెదపడం అమర్యాద అని మనకు నేర్పారు. పిల్లల దాహం ఎదుట నోరు మూసుకోవడం అంతకంటె పెద్ద అమర్యాద అని ఎవరూ నేర్పలేదు. కమిటీల్లో ఉన్న అమ్మలకు, అయ్యలకు నా విన్నపం ఒక్కటే. తగవులాడండి. అయితే పద్దు పుస్తకం ముందు పెట్టుకొని, పిల్లల అవసరం పేరు చెప్పి, గట్టిగా తగవులాడండి.

స్వస్తి.